స్పీకర్ల రొదకు ఫిల్టర్లు: ముందు దారి వెతికి, తర్వాత బిగించిన పని డైరీ

ఈ డైరీ రెండు పనులకు సంబంధించినది. మొదటిది, ఇంట్లోని స్టీరియో సెట్‌లో పాట లేనప్పుడు కూడా వినిపిస్తున్న హమ్మునూ సన్నని కూతనూ ఫిల్టర్లతో తగ్గించడం. రెండవది, స్పీకర్ పెట్టెలోనే ఒక చిన్న రెసిస్టర్, కండెన్సర్ జత అమర్చి స్వరంలోని గీరుదనాన్ని తీసివేయడం. ఈ రెండింటికి వాడేవాటినీ స్పీకర్ ఫిల్టర్లు అనే ఒకే పేరుతో అమ్ముతున్నారు కాబట్టి, ఏ ఫిల్టర్ ఏ రొదకు పనికివస్తుందో, ఏది ఎక్కడ వృథా అవుతుందో కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఫిల్టర్ అనేది రొద వచ్చే దారిలో అడ్డంగా నిలబడితేనే పని చేస్తుంది. ఆ దారి తెలియకుండా ఎంత ఖరీదైనది కొన్నా తేడా ఉండదు.

దశ 1: సెట్ వివరాలు, కొలిచే పద్ధతి

యాంప్లిఫయర్‌లో రెండు ఎల్‌ఎం3886 ఐసీలు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24 వోల్టులది. రెక్టిఫయర్ తర్వాత ప్లస్, మైనస్ వైపుల చెరో 34 వోల్టులు వస్తున్నాయి. స్పీకర్లలో 6.5 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలకు), 1 అంగుళం డోమ్ ట్వీటర్ (పై స్వరాలకు) ఉన్నాయి. స్పీకర్ సున్నితత్వం 2.83 వోల్టులకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్. పాటలు వచ్చేది రెండు చోట్ల నుంచి: ఒకటి డీటీహెచ్ సెట్ టాప్ బాక్స్, రెండవది క్యాబినెట్ లోపలే అమర్చిన 5 వోల్టుల బ్లూటూత్ బోర్డు.

చవక చేతి మల్టీమీటర్లలో చాలావాటికి ఏసీ రేంజి 200 వోల్టుల నుంచి మొదలవుతుంది కాబట్టి మిల్లీవోల్టుల రొదను అవి చూపలేవు. అందుకే స్టీరియో లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డునూ, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌నూ వాడాను. మైక్ సాకెట్ మాత్రమే ఉన్న చవక కార్డు ఈ పనికి చాలదు. దానికి ఒకే ఛానెల్ ఉంటుంది, పైగా మైక్ కోసం ఇచ్చే డీసీ వోల్టేజి అదే పిన్‌పై ఉంటుంది.

కొలిచే క్రమం ఇది:

1. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసివేసి బ్యాటరీపైనే నడపాలి. లేకపోతే ఛార్జరే కొత్త రొదకు దారి అవుతుంది.
2. స్పీకర్ టెర్మినల్ నుంచి 1 కిలో ఓము రెసిస్టర్ ద్వారా లైన్-ఇన్‌కు తీగ తేవాలి. లైన్-ఇన్ దగ్గర రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురు దిశల్లో సమాంతరంగా కట్టాలి. పొరపాటున వాల్యూమ్ పెరిగినా కార్డుకు దాదాపు 1 వోల్టుకు మించి వెళ్లదు.
3. వాల్యూమ్‌ను మామూలుగా వినే స్థానంలో ఉంచి, పాట ఆపి, స్పెక్ట్రమ్‌నూ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపే గ్రాఫు) మొత్తం ఆర్‌ఎంఎస్ (సగటు బలం) విలువనూ రాసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఎల్‌ఎం3886ను మామూలు పద్ధతిలో కట్టినప్పుడు స్పీకర్ మైనస్ తీగ గ్రౌండే. టీపీఏ3116 వంటి క్లాస్-డీ బోర్డుల్లో రెండు స్పీకర్ తీగలకూ వోల్టేజి ఉంటుంది. అక్కడ సౌండ్ కార్డు గ్రౌండును మైనస్‌కు తగిలిస్తే ఐసీ కాలిపోవచ్చు.

మొదటి కొలతలు:

- అన్నీ కలిపి ఉన్నప్పుడు: 6.8 మిల్లీవోల్టులు
- సెట్ టాప్ బాక్స్ ఆడియో తీగ పీకినప్పుడు: 3.1
- దానితోపాటు బ్లూటూత్ బోర్డు కరెంటు కూడా తీసినప్పుడు: 0.6
- ఇన్‌పుట్‌ను గ్రౌండుకు షార్ట్ చేసినప్పుడు: 0.4

పరస్పర సంబంధం లేని రొదలు మామూలు కూడికలో కలవవు, వర్గాల కూడికలో కలుస్తాయి. 6.8 వర్గం నుంచి 3.1 వర్గాన్ని తీసివేసి వర్గమూలం చూస్తే సెట్ టాప్ బాక్స్ దారి వాటా దాదాపు 6 మిల్లీవోల్టులు. అదే లెక్కన బ్లూటూత్ వాటా 3. ఈ లెక్క చాలా ముఖ్యం, ఎందుకంటే పెద్ద రొద ఉన్నంతసేపు చిన్న రొదపై చేసిన మంచి పని కూడా మీటరుపై కనబడదు.

వినికిడి పరంగా చూస్తే, 6.8 మిల్లీవోల్టులు 2.83 వోల్టుల కంటే 52 డెసిబెల్ తక్కువ, అంటే 1 మీటరు దూరంలో దాదాపు 35 డెసిబెల్. రాత్రి ఫ్యాను ఆపిన గదిలో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. 0.4 మిల్లీవోల్టులంటే దాదాపు 10 డెసిబెల్. స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప తెలియదు. కాబట్టి 1 మిల్లీవోల్టు లోపలికి దిగడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నాను.

ఖర్చు: సౌండ్ కార్డు 1,100, డయోడ్లు, రెసిస్టర్లు, ఆర్‌సీఏ పిన్నులు, క్లిప్పులు 110. ఇప్పటివరకు మొత్తం: 1,210 రూపాయలు.

దశ 2: ఫెరైట్ క్లిప్పులు

తీగ చుట్టూ తగిలించే ఈ అయస్కాంత పదార్థపు క్లిప్పులను కూడా స్పీకర్ ఫిల్టర్ల పేరుతో అమ్ముతారు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు క్లిప్పులు కొని, ముందుగా రెండు స్పీకర్ తీగలకూ తగిలించాను. రొద 6.8 మిల్లీవోల్టుల దగ్గరే ఉండిపోయింది. 50 హెర్ట్జ్ హమ్ముగానీ 800 హెర్ట్జ్ కూతగానీ ఫెరైట్‌కు కనబడవు. దాని అడ్డు మెగాహెర్ట్జ్‌లలో మొదలై, ఈ రకం క్లిప్పుల్లో 100 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో బలపడుతుంది. స్వరం మెత్తబడుతుందనే మాటనూ పరీక్షించాను. ప్లస్, మైనస్ తీగలు రెండూ ఒకే క్లిప్పులోంచి వెళ్తే పాట కరెంటు ఒకదానిలో పోయి మరొకదానిలో తిరిగి వస్తుంది కాబట్టి రెండింటి అయస్కాంత క్షేత్రాలూ రద్దవుతాయి. ఒక్క తీగకే తగిలించినా, చేరే ఇండక్టెన్స్ 1 మైక్రోహెన్రీ అనుకుంటే 20 కిలోహెర్ట్జ్ వద్ద దాని అడ్డు 0.13 ఓము. 8 ఓముల స్పీకర్‌కు అది లెక్కలోకి రాదు. పైగా ఒక్క తీగకే తగిలిస్తే బలమైన బాస్ కరెంటుకు ఫెరైట్ సంతృప్తమయ్యే ప్రమాదం ఉంటుంది. కాబట్టి రెండు తీగలనూ కలిపే పోనివ్వాలి.

అయితే ఫెరైట్‌కు అసలైన పని మరొకటి ఉంది. మా అత్తయ్యగారి బటన్ ఫోన్ 2జీపై నడుస్తుంది. దానికి కాల్ వచ్చే ముందు స్పీకర్లు బుర్రుమంటాయి. 2జీ ఫోన్ సెకనుకు దాదాపు 217 సార్లు ప్రసారాన్ని వెలిగించి ఆర్పుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం మనకు వినబడదు గానీ, ఐసీ లోపలి ట్రాన్సిస్టర్ జంక్షన్లు దాన్ని రేడియో డిటెక్టర్‌లా విడదీసి ఆ 217 హెర్ట్జ్ లయను బయటపెడతాయి. ఆ బుర్రును శిఖర విలువలో కొలుస్తూ మార్పులు చేశాను:

1. ఏమీ లేనప్పుడు: 22 మిల్లీవోల్టులు.
2. స్పీకర్ తీగలకు ఒక్కో క్లిప్పు: 17. స్పీకర్ తీగ కూడా యాంటెనాయే. దాని ద్వారా వచ్చిన తరంగం ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీదుగా ఇన్‌పుట్‌కు చేరుతుంది.
3. ఆడియో తీగను క్లిప్పు చుట్టూ మూడు చుట్లు తిప్పినప్పుడు: 8. అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు చుట్లంటే దాదాపు తొమ్మిది క్లిప్పుల పని.
4. ఇన్‌పుట్ వద్ద 470 పికోఫారాడ్ కండెన్సర్, కాళ్లు పొడవుగా వదిలి: 7.5.
5. అదే కండెన్సర్, కాళ్లు 3 మిల్లీమీటర్లకు కత్తిరించి: 2.

నాలుగో, ఐదో మెట్ల మధ్య తేడాను కొంచెం వివరించాలి. కండెన్సర్ కాలు ప్రతి మిల్లీమీటరుకూ దాదాపు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఇస్తుంది. 40 మిల్లీమీటర్ల కాళ్లు రెండుంటే 80 నానోహెన్రీలు. 900 మెగాహెర్ట్జ్ వద్ద అది 450 ఓముల అడ్డు. గ్రౌండుకు దారి చూపాల్సిన కండెన్సర్ ఆ దారిని తానే మూసేస్తుంది. 3 మిల్లీమీటర్ల కాళ్లతో ఆ అడ్డు 34 ఓములే. కండెన్సర్‌ను బోర్డు అడుగున, ఐసీ ఇన్‌పుట్ కాలికీ దాని పక్కనే ఉన్న గ్రౌండ్ రాగికీ మధ్య పడుకోబెట్టి టాంకా వేశాను. బోర్డుపై ముందే ఉన్న 1 కిలో ఓము రెసిస్టర్‌తో కలిసి ఇది 339 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలుపెడుతుంది. 20 కిలోహెర్ట్జ్ వద్ద నష్టం 0.02 డెసిబెల్ కంటే తక్కువ. కండెన్సర్ ఎన్‌పీ0 రకం సిరామిక్ అయి ఉండాలి. మామూలు సిరామిక్ విలువ వోల్టేజితో మారుతుంది.

ఖర్చు: క్లిప్పులు 160, కండెన్సర్లు 20. మొత్తం: 1,390.

దశ 3: సెట్ టాప్ బాక్స్ హమ్ము

స్పెక్ట్రమ్‌లో 50, 150, 250 హెర్ట్జ్ గీతలు నిలబడ్డాయి. యాంప్లిఫయర్ సొంత రెక్టిఫయర్ లోపమైతే 100 హెర్ట్జ్, దాని గుణిజాలు కనబడతాయి. 50, దాని బేసి గుణిజాలు కనిపిస్తే గ్రౌండ్ లూపును (రెండు చోట్ల ఎర్త్‌కు కలవడం వల్ల ఏర్పడే చుట్టును) అనుమానించాలి. బాక్స్ వెనక డిష్ కోయాక్స్ తీగ విప్పగానే హమ్ము పోయింది, మళ్లీ బిగించగానే వచ్చింది. డాబాపై డిష్ స్తంభం భవనం ఇనుముకు తగులుతోంది. యాంప్లిఫయర్ గోడ సాకెట్ ఎర్త్‌కు కలిసి ఉంది. ఈ రెండు చోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడా ఆడియో తీగ కవచంలో కరెంటుగా పారుతోంది.

మొదట ప్రయత్నించినది ఆర్‌సీఏ గ్రౌండ్ లూప్ ఐసోలేటర్. లోపల రెండు చిన్న 1:1 ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. హమ్ము మాయమైంది. కానీ 40 హెర్ట్జ్ వద్ద స్థాయి 3 డెసిబెల్ పడిపోయింది. 30 హెర్ట్జ్ వద్ద 2 వోల్టుల సంకేతం ఇస్తే హార్మోనిక్ వక్రీకరణ 4 శాతం దాటింది. వోల్టేజి పెరిగినకొద్దీ, ఫ్రీక్వెన్సీ తగ్గినకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంతృప్తానికి దగ్గరవుతుంది. అగ్గిపెట్టెలో పట్టే కోర్ మృదంగం తొప్పి శబ్దాన్ని మోయలేదు. వార్తలు, సీరియళ్లు చూసే సెట్‌కైతే ఇది చాలు. పాటలు వినే సెట్‌కు నేను దీన్ని సిఫారసు చేయను.

రెండవ ఆలోచన, కోయాక్స్ తీగలోనే కండెన్సర్ల ఐసోలేటర్ పెట్టడం. కేబుల్ టీవీ కనెక్షన్‌కు ఇది సరైన మార్గమే. డీటీహెచ్‌కు మాత్రం కుదరదు, ఎందుకంటే డిష్‌పై ఉన్న ఎల్‌ఎన్‌బీకి (సంకేతాన్ని అందుకునే పరికరానికి) 13 లేదా 18 వోల్టుల డీసీ ఇదే తీగ గుండా వెళ్తుంది. కండెన్సర్ దాన్ని ఆపేస్తే బొమ్మే రాదు.

చివరకు దారినే తెంపేశాను:

1. బాక్స్ ఆడియో తీగకు బదులు టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి ప్లాస్టిక్ ఫైబర్ తీగ తెచ్చి చిన్న డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని మామూలు ఆడియోగా మార్చే) డబ్బాకు ఇచ్చాను. ఫైబర్‌లో వెలుగు మాత్రమే పోతుంది, కరెంటు పోదు.
2. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని రకానికి) మార్చాలి. డాల్బీపై ఉంటే డీఏసీ మూగగా ఉండిపోతుంది.
3. డీఏసీకి రెండు పిన్నుల 5 వోల్టుల అడాప్టర్ వాడాను. టీవీ యూఎస్‌బీ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే లూపు తిరిగి ఏర్పడుతుంది.

మొత్తం రొద 6.8 నుంచి 3.1 మిల్లీవోల్టులకు దిగింది. ఐసోలేటర్ 280, ఫైబర్ తీగ 150, డీఏసీ 650. మొత్తం: 2,470.

దశ 4: బ్లూటూత్ కూత

మిగిలిన రొదలో 800, 1600 హెర్ట్జ్ దగ్గర పదునైన గీతలున్నాయి. క్లాసిక్ బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు ఛానెల్ మారుస్తుంది; ప్రతి మార్పుకూ బోర్డు తీసుకునే కరెంటు ఎగిసి పడుతుంది. కాబట్టి రొద సరఫరా తీగలోంచి వస్తోందని భావించి, 5 వోల్టుల దారిలో 100 మైక్రోహెన్రీ కాయిల్, దాని తర్వాత 470 మైక్రోఫారాడ్ కండెన్సర్ పెట్టాను.

రొద 3.1 నుంచి 3.5 మిల్లీవోల్టులకు పెరిగింది. లెక్క వేస్తే కారణం తేలింది: ఈ కాయిల్, కండెన్సర్ల అనునాదం (ఆ జత తానుగా ఊగే ఫ్రీక్వెన్సీ) 734 హెర్ట్జ్ దగ్గర ఉంది, అంటే కూత ఉన్న 800 హెర్ట్జ్‌కు దాదాపు పక్కనే. ఫిల్టర్ కూతను అణచకపోగా ఊపుతోంది. ఆ రెండింటి స్వాభావిక ఇంపెడెన్స్ (ఏసీకి ఇచ్చే అడ్డు) 0.46 ఓము కాబట్టి కాయిల్‌కు వరుసలో 0.47 ఓము రెసిస్టర్ చేర్చాను. ఊపు చచ్చి, రొద 2.7కు తగ్గింది. ఎల్‌సీ (కాయిల్, కండెన్సర్) ఫిల్టర్ కట్టేవారు కోత ఫ్రీక్వెన్సీతోపాటు ఊపును చంపే ఈ డ్యాంపింగ్ లెక్క కూడా వేయాలి. రొద ఫ్రీక్వెన్సీ కోత కంటే కనీసం మూడు నాలుగు రెట్లు పైన ఉండేలా విలువలు ఎంచుకోవాలి.

అప్పటికీ 2.7 మిగిలిందంటే రొద మరో దారిలో వస్తోందని అర్థం. బ్లూటూత్ బోర్డు గ్రౌండు రెండు చోట్ల కలుస్తోంది: సరఫరా గ్రౌండు తీగ ఒకటి, ఆడియో తీగ కవచం మరొకటి. బోర్డు కరెంటు తిరిగి వెళ్లేటప్పుడు కొంత భాగం ఆడియో కవచం గుండా పోయి, అక్కడ ఏర్పడే చిన్న వోల్టేజి పాటతో కలిసి యాంప్లిఫయర్‌లోకి చేరుతోంది. ప్లస్ తీగలో ఎన్ని కాయిళ్లు పెట్టినా ఈ దారి మూయబడదు.

పరిష్కారం బి0505ఎస్ అనే ఐసోలేటెడ్ కన్వర్టర్. 5 వోల్టులు తీసుకుని, లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా, గ్రౌండు సంబంధం లేకుండా 5 వోల్టులు ఇస్తుంది. సామర్థ్యం 1 వాట్, అంటే 200 మిల్లీఆంపియర్లు. నా బోర్డు 60 మాత్రమే తీసుకుంటుంది.

1. కన్వర్టర్ ఇన్‌పుట్ వైపు, అవుట్‌పుట్ వైపు ఒక్కొక్క 10 మైక్రోఫారాడ్ కండెన్సర్ పెట్టాను.
2. బ్లూటూత్ బోర్డు పాత గ్రౌండు తీగను పూర్తిగా తీసేశాను. గ్రౌండుకు ఇప్పుడు ఆడియో కవచం ఒక్కటే దారి.
3. మీటరు చూస్తే 2.4! బోర్డు పైనున్న యూఎస్‌బీ సాకెట్ ఇనుప కవచం ముందు ప్యానెల్ అల్యూమినియానికి వెంట్రుకవాసిలో తగులుతోంది. టార్చి వేసి పక్క నుంచి చూస్తే తప్ప ఆ తాకిడి కనబడదు. ఓమ్‌మీటరు మాత్రం 0.3 ఓము అని చెప్పింది. ఆకురాయితో ప్యానెల్ రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెద్దది చేసి, స్క్రూల కింద నైలాన్ వాషర్లు వేశాను.
4. ఇప్పుడు అన్నీ కలిపి ఉన్నప్పుడు రొద 0.7 మిల్లీవోల్టు.

కాయిల్, కండెన్సర్లు 60, కన్వర్టర్ 140, వాషర్లు 20. మొత్తం: 2,690.

దశ 5: మెయిన్స్ ఫిల్టర్

ఫ్రిజ్ కంప్రెసర్ ఆగినప్పుడు వచ్చే టప్ శబ్దం, ఫ్యాను రెగ్యులేటర్ తగ్గించినప్పుడు వచ్చే బుయ్‌మనే రొద మిగిలాయి. మూడు పిన్నుల ఇన్‌లెట్‌లోనే ఫిల్టర్ ఉన్న రకాన్ని కొని క్యాబినెట్ వెనుక బిగించాను. ఈ దశను అనుకరించేవారు కింది విషయాన్ని వదలకుండా చదవాలి.

ఈ ఫిల్టర్ లోపల ఫేజ్ నుంచి ఎర్త్‌కు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు వై రకం కండెన్సర్లు ఉంటాయి. 4,700 పికోఫారాడ్ అయితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ వద్ద 0.34 మిల్లీఆంపియర్ ఎర్త్‌లోకి ఎప్పుడూ పోతూనే ఉంటుంది. సాకెట్‌లో ఎర్త్ ఉత్తుత్తి పిన్ను అయితే, లేదా రెండు పిన్నుల అడాప్టర్ వాడితే, ఆ రెండు కండెన్సర్లూ వోల్టేజిని సగంగా పంచి క్యాబినెట్‌ను దాదాపు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. కాబట్టి బిగించే ముందు సాకెట్‌లో ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ వోల్టేజీలు చూడాలి. నాకు 231, 1.8 వచ్చాయి. మీటరు రీడింగు ఒక్కటే ఎర్త్ బలాన్ని చెప్పదు కాబట్టి, అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించాలి. ఫిల్టర్ లోహపు ఒంటికీ క్యాబినెట్‌కూ మధ్య పెయింటు గీకి, పొట్టి రాగి తీగతో కలపాలి. మెయిన్స్ భాగంలో ఇంట్లో దొరికిన మామూలు కండెన్సర్లు వాడడం ప్రాణాంతకం. మెయిన్స్ భద్రతకు తయారైన ఎక్స్2, వై2 ముద్ర ఉన్నవే వాడాలి.

ఫలితాలు: ఫ్రిజ్ టప్ శబ్దం శిఖరం 48 నుంచి 14 మిల్లీవోల్టులకు తగ్గింది. రెగ్యులేటర్ రొద మాత్రం మొత్తం విలువలో 1.9 నుంచి 1.5కు మాత్రమే తగ్గింది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ ఇన్‌లెట్ ఫిల్టర్లను 150 కిలోహెర్ట్జ్ నుంచి పైకి పని చేసేలా తయారు చేస్తారు. రెగ్యులేటర్‌లోని ట్రయాక్ సెకనుకు 100 సార్లు తరంగాన్ని కోస్తూ పుట్టించే రొదలో ఎక్కువ భాగం అంతకంటే చాలా కింద ఉంటుంది. అంత కిందికి కోసే ఫిల్టర్ ఇటుకంత కాయిల్ అడుగుతుంది. అందువల్ల రెగ్యులేటర్‌నే మార్చి, మెట్లు మెట్లుగా తిరిగే కండెన్సర్ రకం పెట్టించాను. రొద తిరిగి 0.7కు వచ్చింది. రొదను పుట్టినచోటే ఆపగలిగితే అంతకు మించిన ఫిల్టర్ లేదు.

ఇన్‌లెట్ 220, తీగ 130, రెగ్యులేటర్ 190. మొత్తం: 3,230.

దశ 6: స్పీకర్ టెర్మినళ్ల వద్ద

స్పీకర్ వెనుక గుచ్చే చిన్న ఫిల్టర్ ప్లగ్గులలో సాధారణంగా ఉండేది వరుసగా కట్టిన ఒక రెసిస్టర్, ఒక కండెన్సర్. 10 ఓములు, 0.1 మైక్రోఫారాడ్‌తో అదే జతను తయారు చేసి టెర్మినళ్లకు సమాంతరంగా కట్టాను. 20 కిలోహెర్ట్జ్ వద్ద ఆ కండెన్సర్ అడ్డు 80 ఓములు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఓములో చిన్న భాగమే కాబట్టి వినికిడి పరిధిలో అది దేన్నీ మార్చలేదు. కొలతలో తేడా 0.05 డెసిబెల్ లోపే. పొడవాటి స్పీకర్ తీగ కొసన మెగాహెర్ట్జ్ తరంగాలను కొంత మింగేస్తుంది కాబట్టి ఉంచేశాను. స్వరం మారిందని మాత్రం చెప్పలేను.

స్వరం నిజంగా మారినది ఇదే రెసిస్టర్, కండెన్సర్ జతను పెద్ద విలువలతో పెట్టె లోపల, ఊఫర్ టెర్మినళ్ల వద్ద కట్టినప్పుడు. దీన్ని జోబెల్ నెట్‌వర్క్ అంటారు. నాదస్వరం రికార్డింగులలో పై స్థాయి స్వరాలు చెవిని గీరుతున్నట్టుండడం, ఆడగొంతు ముక్కుతో పాడినట్టు వినిపించడం చాలాకాలంగా నన్ను ఇబ్బంది పెడుతున్నాయి. కొలతకు పెట్టె విప్పితే కారణం కనబడింది.

క్రాసోవర్‌లో (స్వరాలను ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్‌లో) ఊఫర్‌కు 0.7 మిల్లీహెన్రీ కాయిల్, 6.8 మైక్రోఫారాడ్ కండెన్సర్ ఉన్నాయి. ఈ విలువలు ఊఫర్ ఎప్పుడూ దాదాపు 8 ఓములుగా ఉంటుందనే ఊహపై ఎంచినవి. నా ఊఫర్ డీసీ నిరోధం 6.1 ఓములు, కానీ దాని వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల ఇంపెడెన్స్ 2.5 కిలోహెర్ట్జ్ వద్ద 14, 10 కిలోహెర్ట్జ్ వద్ద 27 ఓములకు పెరుగుతోంది. భారం అంత ఎక్కువైనప్పుడు క్రాసోవర్ కోయకపోగా అనునాదిస్తుంది. 10 కిలో, 1 కిలో ఓముల డివైడర్ ద్వారా ఊఫర్ టెర్మినళ్ల వద్ద కొలిస్తే 2.9 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్ ఉబ్బు ఉంది. ఊఫర్‌ను దించాల్సినచోట పైకి ఎత్తుతోంది. ఆ గీరుదనం అదే.

ఇంపెడెన్స్‌ను కొలిచింది సౌండ్ కార్డు హెడ్‌ఫోన్ అవుట్‌తోనే: 100 ఓముల రెసిస్టర్‌ను ఊఫర్‌కు వరుసలో పెట్టి, రెసిస్టర్‌కు ముందు ఒక ఛానెల్, తర్వాత ఒక ఛానెల్ తీసుకుంటే సాఫ్ట్‌వేర్ గ్రాఫు గీస్తుంది.

జోబెల్ విలువలు:

1. రెసిస్టర్ = డీసీ నిరోధానికి 1.25 రెట్లు = 7.6 ఓములు. 15 ఓములు, 10 వాట్ల రెసిస్టర్లు రెండు సమాంతరంగా కడితే 7.5.
2. కండెన్సర్ = ఇండక్టెన్స్‌ను రెసిస్టర్ వర్గంతో భాగించాలి. 1 కిలోహెర్ట్జ్ వద్ద ఎల్‌సీఆర్ మీటరు 0.8 మిల్లీహెన్రీ చూపింది, 0.8 మిల్లీని 56.25తో భాగిస్తే 14.2 మైక్రోఫారాడ్. 10, 4.7 విలువలను సమాంతరంగా కట్టాను.
3. కొలిస్తే ఇంపెడెన్స్ 1.5 కిలోహెర్ట్జ్ దగ్గర 5.7 ఓములకు పల్లంలా దిగింది. వాయిస్ కాయిల్ చుట్టూ ఉన్న ఇనుములో సుడి కరెంట్ల వల్ల దాని ఇండక్టెన్స్ ఫ్రీక్వెన్సీతోపాటు తగ్గుతుంది. సూత్రం దాన్ని స్థిరమనుకుంటుంది.
4. 4.7 తీసి 2.2 పెట్టాను. మొత్తం 12.2 మైక్రోఫారాడ్‌తో 300 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు ఇంపెడెన్స్ 6.2కు, 7.8కు మధ్య నిలిచింది.

కండెన్సర్లు పోలారిటీ లేనివి, 100 వోల్టులవి కావాలి. విద్యుత్ సరఫరాలో వాడే మామూలు ఎలక్ట్రోలైటిక్ ఇక్కడ పనికిరాదు.

ఉబ్బు పూర్తిగా పోయి, 2.3 కిలోహెర్ట్జ్ వద్ద మైనస్ 3 డెసిబెల్‌తో గ్రాఫు సాఫీగా దిగింది. కానీ విన్నప్పుడు గొంతు వెనక్కి వెళ్లినట్టనిపించింది. ఫోన్‌లోని స్పెక్ట్రమ్ యాప్‌తో, ఫోన్‌ను ఒకే చోట ఉంచి పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష రొద) వేసి పోల్చాను. ఫోన్ మైక్ విలువలు నిఖార్సైనవి కావు గానీ, మార్పుకు ముందు, తర్వాత విలువల మధ్య తేడా నమ్మదగినదే. 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య గుంట కనబడింది. ఇలా కాయిల్, కండెన్సర్ రెండూ ఉన్న రెండవ శ్రేణి క్రాసోవర్‌లో, కలిసే ఫ్రీక్వెన్సీ వద్ద ఊఫర్, ట్వీటర్‌ల మధ్య 180 డిగ్రీల ఫేజ్ తేడా ఉంటుంది; రెండింటినీ ఒకే పోలారిటీతో కడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇంతకుముందు ఉబ్బు ఆ గుంటను పూడ్చి దాచింది. ట్వీటర్ తీగలు తిరగేసి బిగించగానే గుంట నిండింది.

ఇప్పుడు నాదస్వరంలో గమకం కొసన శ్రుతి జారే సన్నని కదలిక వినబడుతోంది, గీరు లేదు. డోలుపై కర్ర దెబ్బ, చేతి దెబ్బ వేర్వేరుగా తెలుస్తున్నాయి. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది ఈ దశే.

రెసిస్టర్లు 60, కండెన్సర్లు 160, చిన్న ప్లగ్గు జత 30, తీగ, ట్యాగ్ బోర్డు 40. మొత్తం: 3,520. ఇందులో ఐసోలేటర్, కాయిల్ ఫిల్టర్, 4.7 మైక్రోఫారాడ్ కండెన్సర్ల ధర 380 తీసేస్తే, అనుకరించేవారికి 3,140 రూపాయలు సరిపోతాయి. సౌండ్ కార్డు ముందే ఉంటే ఇంకా తక్కువ.

దశ 7: వేడి పరీక్ష

గట్టి స్థాయిలో గంటసేపు పాటలు వేసి వెంటనే పెట్టె విప్పి చూస్తే, జోబెల్ రెసిస్టర్లు 58 డిగ్రీలకు చేరాయి. వాటిని మొదట ట్యాగ్ బోర్డుకు ఆనించి, దూది పొర పక్కనే బిగించాను. ఇప్పుడు 10 మిల్లీమీటర్ల పింగాణీ స్పేసర్లపై ఎత్తి, దూదిని నాలుగు వేళ్ల దూరం వెనక్కి జరిపాను. కండెన్సర్లను రెసిస్టర్లకు ఎదురు మూలకు మార్చి, బోల్టులు బాస్‌కు అదిరి వదులు కాకుండా స్ప్రింగ్ వాషర్లు వేశాను. రెండవ స్పీకర్‌లో ఊఫర్ డీసీ నిరోధం 6.3 ఓములు, ఇండక్టెన్స్ దాదాపు సమానం. అవే విలువలతో ఇంపెడెన్స్ 6.4, 8.1 ఓముల మధ్య నిలిచింది, కాబట్టి మార్చలేదు.